రాతికెక్కిన దానములు

ప్రభుత్వము ప్రజలసొమ్మునుండి ఒకరికి కొంత యిచ్చినప్పుడు ఎవరికిచ్చినది, ఏమిచ్చినది, ఎందుకిచ్చినది పదుగురికిని తెలియవలెననుట నేటికాలపు మాట యని మనమనుకొందుము. కరీంనగరు సీమలో ఆ మాట వేయి సంవత్సరములకు పూర్వమే రాతికెక్కినది.

గంగాధర మండలములోని కురిక్యాల చెంత బొమ్మలగుట్ట యున్నది. శాసనములో దాని పేరు వృషభాద్రి. గుట్టరాతిపై చక్రేశ్వరీదేవిని, జినులను చెక్కించి, క్రీ. శ. 945 ప్రాంతమున జినవల్లభుడు ఒక శాసనము వ్రాయించెను. సంస్కృతము, కన్నడము, తెలుగు - మూడు భాషలును అందున్నవి. తెలుగు భాగము కందపద్యములలో నుండుటచే సాహిత్య చరిత్రకారులు దీనిని అపురూపముగా చూచుకొందురు. పద్యముల సంబరములో మనము మఱచునది వేఱొకటి కలదు: ఇది యొక దానప్రకటన కూడ.

జినవల్లభుడు పంపకవికి తమ్ముడు. వేములవాడ చాళుక్యరాజు రెండవ అరికేసరిని అర్జునునితో పోల్చి పంపడు 941లో విక్రమార్జున విజయమును రచించెను. అందులకు రాజు ధర్మవురమను అగ్రహారమునిచ్చెను. అది గోదావరి యొడ్డునున్న ధర్మపురియే యని కొందఱందురు. దాత పేరు, గ్రహీత పేరు, గ్రామము పేరు, ఇచ్చిన కారణము - నాలుగును శిలపై నున్నవి. తాను కట్టించిన త్రిభువనతిలక బసదిని, కవితాగుణార్ణవ తటాకమును, మదనవిలాసమను తోటను గూడ తమ్ముడు పేర్కొనెను. అన్నగారి కీర్తికై వ్రాయించినాడనుటలో సందేహము లేదు. అయినను అగ్రహారమనగా రాజు వదలుకొన్న రాబడి. ఆ సంగతి దారిన పోవువానికిని తెలిసినది గదా!

ఇదే వంశపు మూడవ అరికేసరి 966లో మఱియొక దానము చేసెను. తన తండ్రి బద్దెగుడు వేములవాడలో కట్టించిన శుభధామ జినాలయమునకు మరమ్మతులు, సున్నపు పనులు, పూజలు జరుగుటకై సోమదేవసూరికి వనికటుపులు అను గ్రామమునిచ్చెను. ప్రయోజనమును ఇంత వివరముగా చెప్పిన పత్రమును మెచ్చుకొనవలసినదే. కాని యిది రాగిరేకులపై వ్రాసినది. రాగిరేకు గ్రహీత యింటిలో నుండు హక్కుపత్రము. రాయి ఊరివారి యెదుట నుండు సాక్షి. ఈ రేకులు దొరికినది వేములవాడలో కాదు, నేటి మహారాష్ట్రలోని పర్భణీలో. కురిక్యాల గుట్ట మాత్రము కదలలేదు.

శిలాశాసనములలో పొలిమేరలు చెప్పుట, దానమును హరించినవాడు అఱువదివేలేండ్లు పురుగై పుట్టునని శపించుట వాడుక. శాపము రాబోవు రాజులకును అధికారులకును ఉద్దేశించినది. చదువురానివానికి పైన చెక్కిన సూర్యచంద్రులే చాలును: అవి యున్నంతకాలము ఈ దానము నిలుచునని అర్థము.

నిజాముల కాలమునకు వచ్చునప్పటికి ఇనాములు సనదులలోనికి, సనదులు దఫ్తరములలోనికి చేరినవి. 1884 ప్రాంతము వఱకు ఫారసీ, తరువాత ఉర్దూ అధికార భాషలు. తన యూరి భూమి ఎవరి కెందుకు మాన్యమైనదో తెలుగు రైతు చదివి తెలిసికొనుటకు వీలు లేకపోయెను. ఆదిలాబాదు అడవులలో చిక్కు ఇంకను పెద్దది. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీము నేలకొరిగిన పిదప ప్రభుత్వము గోండులకు పట్టాలిచ్చుటకు పూనుకొన్నది. అక్కడ పనిచేసిన హైమన్‌డార్ఫు చదువును భూమితోపాటు పట్టించుకొనెను. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైనది. చేతిలోని పట్టా చదువుకొనలేనివాని భూమిని ఇతరులు లాగికొనుట ఎంత సులభమో ఆ ప్రాంతమువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

2005 నాటి సమాచార హక్కు చట్టము నాలుగవ విభాగములో, సబ్సిడీలకు కేటాయించిన సొమ్మును, లబ్ధిదారుల వివరములను అడుగకయే ప్రకటింపవలెనని యున్నది. స్థానిక భాషను దృష్టిలో నుంచుకొనవలెననియు, నోటీసు బోర్డులు, వార్తాపత్రికలు, ప్రసారములు మున్నగువాని ద్వారా తెలుపవచ్చుననియు గూడ నున్నది. ప్రసారములన్న మాట చూచి మేము సంతోషించితిమి.

మఱుసటి యేడు ఉపాధి హామీ పథకము మొదటి విడతలోనే కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు చేరినవి. సామాజిక తనిఖీ గ్రామసభ చేయవలసిన పనియని ఆ చట్టమే చెప్పెను. అట్టి సభలో మస్టరు చదువునప్పుడు, అందులో పేరున్నవాడు ఎదుటనే కూర్చుండి, తాను ఆ దినములు పనిచేసితినో లేదో, కూలి ముట్టినదో లేదో లేచి చెప్పవచ్చును.