స్కైలాబ్ నుంచి 3ఐ అట్లాస్ దాకా: ఆకాశం మీద పుకార్లు

గ్రహాంతరవాసుల ఓడ భూమి మీదికి దండెత్తి వస్తున్నదని 2025 చివర్ల మన వాట్సాప్ గ్రూపులల్ల ఎంత గోల జరిగిందో గుర్తుందా? అది వినంగనే మన పెద్దమనుషులకు యాదికొచ్చేది స్కైలాబ్.

అమెరికా వాళ్లు 1973 మే 14న పైకి పంపిన అంతరిక్ష కేంద్రం అది. బరువు దాదాపు 77 టన్నులు. సూర్యుడి వేడి పెరిగి పైగాలి ఉబ్బడంతో దాని వేగం తగ్గి, అనుకున్నదానికన్నా ముందే కిందికి జారింది. ఎక్కడ పడుతదో నాసాకే ఖచ్చితంగా తెల్వదు. ఆ ఒక్క మాట చాలు, మిగతాది పుకారు చూసుకుంది. "ఇంకెన్నాళ్లు బతుకుతం" అని ఊర్లల్ల కోళ్లు, మేకలు కోసుకుని తిన్నరు. కొందరు పశువులను అయినకాడికి అమ్ముకున్నరు. చివరికి 1979 జులై 11న అది హిందూ మహాసముద్రంల, ఆస్ట్రేలియా పడమటి దిక్కున ముక్కలై పడ్డది. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. అక్కడి ఎస్పెరాన్స్ ఊరోళ్లు మా దగ్గర చెత్త వేసినవని నాసాకు 400 డాలర్ల జరిమానా రాసిన్రు!

మనకాడ నవ్వులాట కాలేదు. జులై అంటే ఆషాఢం, దుక్కులు, నాట్ల కాలం. పైగా 1979 దేశానికి పెద్ద కరువు సంవత్సరం. కరువొస్తే చిన్న రైతుకు ఆసరా అయ్యేది ఆ మేకా, ఆ బర్రే గదా. నాకొక్కటే అనుమానం: లోకమే మునుగుతదని అందరూ నమ్మితే, అగ్గువకు వచ్చిన ఆ పశువులను కొన్నోళ్లు ఎవరు?

ఇక 3ఐ అట్లాస్ సంగతి. వేరే నక్షత్రాల దిక్కు నుంచి వచ్చిన తోకచుక్క అది. 2025 జులై 1న చిలీలోని టెలిస్కోపు దాన్ని పట్టింది. హార్వర్డ్ శాస్త్రవేత్త ఆవి లోబ్, ఇంకో ఇద్దరితో కలిసి, ఇది శత్రువుల యంత్రమైతే ఎట్ల అని ఒక పత్రం రాసిండు. ఇది ఊహా అభ్యాసం, ఎక్కువగా తోకచుక్కే అయి ఉంటదని అదే పత్రంల ఉన్నది. వీడియోలోళ్లు మొదటి సగమే చదివిన్రు. డిసెంబర్ 19న అది మనకు అతి దగ్గరికొచ్చింది. ఎంత దగ్గరంటే 27 కోట్ల కిలోమీటర్లు! చందమామ దూరానికి 700 రెట్లు.

నిజంగ మన పొలాలల్ల పడేవి వేరే ఉన్నయి. హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్‌ వాళ్ల బెలూన్ కేంద్రం ఉంది. 50 నుంచి 85 మీటర్ల పలుచటి ప్లాస్టిక్ బెలూన్లలో హైడ్రోజన్ నింపి, రాత్రి నుంచి తెల్లారేలోపు వదులుతరు. అవి 30 కిలోమీటర్ల పైకి పోతయి, పరికరాలు రంగు పారాచూట్లతో దిగుతయి. గాలి వాటంగ జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దాకా రావొచ్చు. 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంల పొలంలో గుండ్రటి పెట్టె దిగితే జనం ఎగబడిన్రు. స్పెయిన్ కంపెనీ ప్రయోగమని తర్వాత తేలింది.

అట్లాంటిది మీ చెల్కల కనబడితే విప్పకండి, గుంజకండి. కొన్నింటిలో హై వోల్టేజీ ఉంటది. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో, పోస్టాఫీసుకో చెప్తే వాళ్లే వచ్చి తీస్కపోతరు.