అవిభక్త కవలలు: స్కాన్‌లో ఎప్పుడు తెలుస్తుంది? తెలిస్తే ఏం చేయాలి?

అవిభక్త కవలలు అనగానే మనకు గుర్తొచ్చేది వీణా-వాణి. 2003లో తలలు అతుక్కుని పుట్టిన ఈ అక్కాచెల్లెళ్లకు ప్రాణాపాయం ఉందని ఆపరేషన్ చేయలేదు. అలాగే చదువుకుని 2020లో టెన్త్, 2022లో ఇంటర్ పాసయ్యారు. అసలు ఇలాంటి కవలల్ని కడుపులో ఉండగానే గుర్తించొచ్చా? వివరాలు చూద్దాం.

ఎందుకిలా జరుగుతుంది?

సుమారు 50 వేల నుంచి లక్ష గర్భాల్లో ఒకటి ఇలా ఉంటుందని అంచనా. ఒకే పిండం రెండుగా చీలితే ఒకేలాంటి కవలలు వస్తారు. ఈ చీలిక 13వ రోజు దాటాక మొదలైతే మధ్యలోనే ఆగిపోతుందని, అందుకే శరీరాలు కలిసే ఉంటాయని డాక్టర్లు చెబుతారు. జంట అరటిపండు తినడం, గ్రహణం చూడటం వల్ల ఇలా జరగదు. ఇందులో తల్లి తప్పేమీ లేదు.

స్కాన్‌లో ఎప్పుడు తెలుస్తుంది?

11 నుంచి 13 వారాల మధ్య చేసే ఎన్‌టీ స్కాన్‌లోనే చాలావరకు అనుమానం వస్తుంది. డాక్టర్లు చూసేవి ఇవీ:

- ఇద్దరికీ ఒకే మాయ, మధ్యలో పొర లేకపోవడం
- ఎంతసేపు చూసినా ఇద్దరూ విడిగా కదలకపోవడం
- ఒకేచోట చర్మం కలిసిపోయి కనిపించడం
- బొడ్డుతాడులో మూడు కంటే ఎక్కువ రక్తనాళాలు

ఒక్క స్కాన్‌తోనే ఖాయం అనుకోవద్దు. దగ్గరగా పడుకున్న మామూలు కవలలు కూడా అతుక్కున్నట్టు కనిపించొచ్చు. అందుకే కొన్ని రోజుల తర్వాత మళ్లీ స్కాన్ చేస్తారు.

తర్వాత ఏం చేస్తారు?

గుండె, కాలేయం, మెదడు విడిగా ఉన్నాయా, కలిసి ఉన్నాయా అన్నదే అసలు ప్రశ్న. దీనికోసం 20 వారాల తర్వాత ఫీటల్ ఎకో, అవసరమైతే ఎంఆర్ఐ చేస్తారు. ఛాతీ దగ్గర అతుక్కునే కేసులే ఎక్కువ. గుండె ఒక్కటే అయితే విడదీయడం దాదాపు అసాధ్యం.

గర్భం కొనసాగించాలా వద్దా అన్నది తల్లి నిర్ణయం. 2021 చట్ట సవరణ ప్రకారం, పిండంలో తీవ్ర లోపం ఉందని మెడికల్ బోర్డు తేలిస్తే 24 వారాలు దాటినా అబార్షన్‌కు అవకాశం ఉంది.

ముగ్గురు పిల్లలుంటే?

ముగ్గురిలో ఇద్దరు అతుక్కుని ఉండటం ఇంకా అరుదు. అప్పుడు మూడో బిడ్డ క్షేమం కూడా చూడాలి. కవలల కోసం తీసుకునే ఏ నిర్ణయమైనా, ముందుగా జరిగే కాన్పు అయినా ఆ బిడ్డపై ప్రభావం చూపొచ్చు.

కాన్పు, ఆపరేషన్

గర్భం కొనసాగిస్తే సాధారణంగా ముందే తేదీ అనుకుని సిజేరియన్ చేస్తారు. నవజాత శిశువుల ఐసీయూ, పిల్లల సర్జన్లు ఉన్న పెద్దాస్పత్రినే ఎంచుకోవాలి. విడదీసే ఆపరేషన్ అత్యవసరమైతే తప్ప వెంటనే చేయరు, కొన్ని నెలలు ఆగుతారు. పుట్టగానే హడావుడిగా చేస్తే బతికే అవకాశాలు తగ్గుతాయి.

విడదీసినా ముప్పు పూర్తిగా పోదు. ఒడిశాకు చెందిన జగా-కాలియాలను 2017లో ఢిల్లీ ఎయిమ్స్‌లో రెండు దశల్లో వేరుచేశారు. కానీ 2020లో కాలియా చనిపోయాడు.

గుర్తుంచుకోండి

కవలలని తెలియగానే డాక్టర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న: ‘మాయ ఒకటా, రెండా? మధ్యలో పొర ఉందా?’ దీనికి స్పష్టమైన జవాబు మూడో నెల స్కాన్‌లోనే దొరుకుతుంది. అందుకే ఆ స్కాన్ అస్సలు మిస్ కావొద్దు.