తెర పక్కన నిలబడ్డ గొంతు

గుడివాడ చుట్టుపక్కల సినిమా అంటే సొంతింటి సంగతి. అక్కినేని నాగేశ్వరరావు పుట్టిన రామాపురం ఇక్కడికి దగ్గరే, ఆయన పేరుతో ఊళ్లో కాలేజీ ఉంది. ఘంటసాల పుట్టిన చౌటపల్లి కూడా ఈ పక్కనే. బందరు పోతే అది 'తెలుగు సినిమా పితామహుడు' రఘుపతి వెంకయ్య పుట్టిన ఊరు. ఈ పేర్లన్నీ వింటూ పెరిగినవాళ్లం మేం. మరి ఈ చరిత్రలో మా వాడల మనుషులు ఎక్కడున్నారని అడిగితే, నేల టికెట్టు దగ్గర ఉన్నారనే జవాబు తప్ప ఇంకోటి వినలేదు. ఆ జవాబు తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాం.

బొమ్మనీ శబ్దాన్నీ జనం ఎదుటే, అప్పటికప్పుడు కలిపి ఆడించడాన్ని ఇవాళ ఒక కళగా నేర్పుతున్నారు. కళాకారుడు తనకి కావలసిన సాఫ్ట్‌వేర్‌ని తానే రాసుకుంటాడు. అందుకోసం 1996లో ప్యూర్ డేటా, 2001లో ప్రాసెసింగ్ లాంటి పనిముట్లు వచ్చాయి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అయితే ఈ కళ పుట్టింది కంప్యూటర్‌తోనే అనుకుంటే పొరపాటు. బొమ్మకీ శబ్దానికీ లంకె వేసే పని వందేళ్ల కిందట తెలుగువాళ్లు రెండు రకాలుగా చేశారు. ఒకరు యంత్రంతో చేశారు, ఒకరు నోటితో చేశారు. చరిత్ర మొదటాయన్నే గుర్తు పెట్టుకుంది.

యంత్రం సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్తాం. 1869లో బందరులో పుట్టిన వెంకయ్య మద్రాసు పోయి ఫోటో స్టూడియో పెట్టుకున్నాడు. దాన్ని తాకట్టు పెట్టి క్రోనోమెగాఫోన్ అనే విదేశీ యంత్రం తెప్పించాడు. ఒకవైపు ఫిల్ము తిరుగుతుంది, ఇంకోవైపు గ్రామఫోన్ ప్లేటు తిరుగుతుంది. రెండూ ఒక్క వేగంతో నడిస్తే బొమ్మ మాట్లాడినట్టుంటుంది. హాలంతా వినపడటానికి గాలిని ఒత్తిడితో పంపి శబ్దం పెంచేవాళ్లు. విక్టోరియా పబ్లిక్ హాల్లో ఆడించి, తర్వాత ఊరూరా తిప్పాడు, బర్మా, సింహళం దాకా పోయాడు. సాహసమే, కాదనం. కానీ ఆ ప్లేటు మీద ఉన్న కాసిని నిమిషాల శబ్దమే దాని బతుకు. ఎదురుగా కూర్చున్నది బందరు రైతా, రంగూన్ కూలీయా అన్నది యంత్రానికి పట్టదు. ఎక్కడైనా అదే పాట.

రెండో మనిషి గుర్రం జాషువా. 1895లో వినుకొండలో పుట్టాడు. తల్లి లింగమ్మ మాదిగ, తండ్రి వీరయ్య యాదవుడు. మిషనరీ బడిలో నెలకి మూడు రూపాయల జీతం మీద పనిచేస్తుండగా ఆ ఉద్యోగమూ పోయింది. పొట్ట చేతబట్టుకుని రాజమండ్రి చేరాడు. అక్కడ 1915-16లో ఆయనకి దొరికిన పని సినిమా వాచకుడి పని. మూకీల కాలం. తెర మీద బొమ్మలు కదులుతాయి, పెదాలు ఆడతాయి, మాట ఉండదు. మధ్యలో పడే అక్షరాలు చదవగలిగినవాళ్లు హాల్లో ఎందరుంటారు? అందుకని కథ చెప్పడానికీ, సంభాషణలు పలకడానికీ ఒక మనిషిని పెట్టుకునేవాళ్లు.

జాషువా జీవితం రాసినవాళ్లు ఈ ముచ్చటని ఒక్క వాక్యంలో దాటేస్తారు, కవి గారి కష్టాల పట్టీలో ఒకటిగా. మేం ఇక్కడే ఆగుతున్నాం. ఆ పని ఎట్లాంటిదో చూడండి. అప్పటి ప్రొజెక్టర్లు ఎక్కువగా చేత్తో తిప్పేవే. తిప్పేవాడి చెయ్యి ఆడినట్టు బొమ్మ ఆడుతుంది, ఒకసారి ఆడిన వేగం రెండోసారి ఉండదు. చెప్పేవాడు కన్ను తెర మీద పెట్టాలి, చెవి జనం మీద పెట్టాలి. నవ్వొస్తే ఆగాలి. అర్థం కాలేదనిపిస్తే ఇంకో మాట కలపాలి. రాజూ తనే, రాణీ తనే, బంటూ తనే. ఇవాళ వేదిక మీద ల్యాప్‌టాప్ పెట్టుకున్న కళాకారుడు చేసేది సరిగ్గా ఇదే, కాకపోతే ఆ లెక్కలు జాషువా తలలో నడిచాయి.

ఇదే జాషువా వినుకొండలో ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, తక్కువ కులం వాణ్ని సభలోకి ఎందుకు రానిచ్చారని అవమానించారు. వెలుతురు ఉన్న సభలో పనికిరాని గొంతు, చీకటి హాల్లో కూలికి పనికొచ్చింది. కులం కనపడని చోట కొంతు విన్నారు. ఆ చీకట్లో ఎదిగిన గొంతే 1941లో 'గబ్బిలం' రాసిందనీ, 1957-59 మధ్య మద్రాసు రేడియోలో ప్రోగ్రాం ప్రొడ్యూసర్‌గా కూర్చుందనీ మేం అంటే కొందరు సాహితీవేత్తలకి నచ్చకపోవచ్చు. నచ్చకపోతే పోనీండి.

జపాన్‌లో ఈ పని చేసేవాళ్లని బెన్షీలు అన్నారు. నటుడి కంటే బెన్షీ పేరు చూసి జనం టికెట్టు కొన్న రోజులున్నాయి. టాకీలు వచ్చి ఉపాధి పోతుంటే 1930ల మొదట్లో వాళ్లు సమ్మె కూడా చేశారు. మన వాచకులకి పేరూ లేదు, సమ్మే లేదు. 1932లో 'భక్త ప్రహ్లాద' విడుదలైంది, తెర తనంతట తానే తెలుగు మాట్లాడింది, పక్కనున్న మనిషి అక్కర్లేకపోయాడు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశాడు. ధైర్యమైన సినిమాయే. కానీ మాలపిల్లగా కనపడింది కాంచనమాల. దళితుడి గొంతు తెర పక్క నుంచి తప్పుకున్నాక, దళితుల కథ తెర మీదికి వచ్చింది. ఈ వరస యాదృచ్ఛికం అనుకోలేం.

ఇదంతా మాకు పుస్తకాల్లో తట్టలేదు. ఒక జాషువా జయంతికి వాడలో గోడకి తెల్లగుడ్డ కట్టాం. ఇంజనీరింగ్ చదివే మా తమ్ముడొకడు ఒక ప్రోగ్రాం రాశాడు. మైకులో డప్పు దెబ్బ పడగానే తెర మీద బొమ్మ మారాలి. ఇంట్లో బల్ల మీద కొట్టి చూసుకుంటే బాగానే పనిచేసింది. ఆ రాత్రి తాత డప్పుని మంట దగ్గర కాచి తెచ్చాడు. కాగిన డప్పు మోత వేరు. ఒక్క దెబ్బకి బొమ్మ రెండుసార్లు ఎగిరింది, ఎందుకంటే మోత ఆగకముందే ప్రోగ్రాం దాన్ని ఇంకో దెబ్బగా లెక్కేసింది. దెబ్బకీ దెబ్బకీ మధ్య కొంత వ్యవధి ఉంటేనే లెక్కించమని అక్కడే కూర్చుని మార్చాడు. దాంతో మోత బాధ పోయింది, కానీ చిటికెన పుల్ల వేసే జోరు దెబ్బలన్నీ ఎగిరిపోయాయి. చివరికి వాడు, "తాతా, కాస్త నిదానంగా కొట్టవా" అని అడిగాడు.

తాత పుల్ల ఆపాడు. "అబ్బాయా, బొమ్మ నా యెనకాల రావాలా, నేను బొమ్మ యెనకాల పోవాలా?" అన్నాడు.

వాడు ల్యాప్‌టాప్ మూయలేదు. వ్యవధి లెక్క తీసేసి, బొమ్మ మార్చడం తన వేలికే వదిలిపెట్టుకున్నాడు. తాత చేతుల్నే చూస్తూ మీట నొక్కుతూ కూర్చున్నాడు. అక్కడక్కడా తప్పాడు. ఆట మాత్రం తెల్లవారుజాము దాకా నడిచింది.