జిలేబీని ఎవరూ అడగరు

జిలేబీ చీజ్‌కేక్ పేరు వినగానే మా మొహల్లా బుజుర్గులు నొసలు చిట్లిస్తున్నారు. జనాబ్, అసలు జిలేబీయే కలగలుపు మిఠాయి! 10వ శతాబ్దంలో బాగ్దాద్ వాసి ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాఖ్ తన వంటల కితాబులో ‘జలాబియా’ తరీఖా రాశాడు. ఫార్సీలో అది ‘జుల్బియా’ అయింది. ఇరానీల ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద ఇప్పటికీ ఉంటుంది. 1450 ప్రాంతానికే మన దేశపు జైన గ్రంథంలో దాని జిక్ర్ వచ్చేసింది. ఇవాళ గుజరాత్‌లో ఫాఫ్డా-జిలేబీ లేనిదే దసరా గడవదు. ‘మీరెక్కడి నుంచి వచ్చారు’ అని నన్ను నిలదీసేవాళ్లు కూడా జిలేబీని ఆ సవాల్ అడగరు. పాకం కారుతుండగానే లాగించేస్తారు!

అందుకే ఈ ఈద్‌కి నేనూ చేశా, ఓవెన్ అక్కర్లేని రకం. వడగట్టిన పెరుగులో చిక్కటి రబ్డీ, చిటికెడు జాఫ్రాన్ కలిపి గ్లాసుల్లో నింపాను. జిలేబీ ముక్కలు మాత్రం తినే ముందే వేయాలి. లేదంటే కరకరలాడవు, నాని మెత్తబడిపోతాయి.