మారిషసు ద్వీపము: చెరకు సేద్యము, తెలుగువారి శ్రమ

హిందూ మహాసముద్రమున మడగాస్కరునకు తూర్పుగా నున్న మారిషసు, అగ్నిపర్వతములవలన నేర్పడిన చిన్న ద్వీపము. నేల సారవంతమే గాని నల్లరాళ్లతో నిండినది. 1639లో డచ్చివారు జావానుండి చెరకు తెచ్చి యచట నాటిరి. 1735లో వచ్చిన ఫ్రెంచి గవర్నరు లబూర్దొనే చక్కెర పరిశ్రమను ప్రోత్సహించెను. 1810లో ద్వీపము ఆంగ్లేయుల వశమయ్యెను. 1825లో మారిషసు చక్కెరపై బ్రిటనులో సుంకము వెస్టిండీసు చక్కెరతో సమానము చేయబడగా తోటలు విస్తరించెను. తుపానులకు తక్కిన పైరులకంటె చెరకు తాళగలుగుటయు నిందుకు తోడ్పడెను.

1835లో బానిసత్వము రద్దయ్యెను. తోటల యజమానుల దృష్టి భారతదేశముపై బడెను. 1834 మొదలు 20వ శతాబ్దారంభము వరకు సుమారు నాలుగున్నర లక్షలమంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా నచటికి చేరిరి. వారిలో యానామునకు చేరువనున్న కోరంగి రేవున ఓడ నెక్కిన తెలుగువారు గలరు. కావుననే మారిషసులో తెలుగువారికి 'కొరింగీ'లను పేరు గలిగెను. 1839నాటి ఉప్పెన కోరంగిని నాశనము చేసినను, ఆ పేరు మాత్రము సముద్రము దాటి నిలిచెను.

నెలకు అయిదు రూపాయల జీతము, ఒకనాడు పని మానినచో రెండునాళ్ల కూలికి కోత: ఇది నాటి కట్టుబాటు. కూలీలు చేతులతో రాళ్లు పెరికి కుప్పలు వేసి నేలను సాగునకు తెచ్చిరి. ఆ రాతిగుట్టలు నేటికిని చెరకుతోటల నడుమ గానవచ్చును. 19వ శతాబ్దపు చివర చక్కెర ధరలు పడిపోగా, యజమానులు తమ భూములను ముక్కలుగా నమ్మిరి. కూడబెట్టిన సొమ్ముతో వాటిని గొని, కూలీలు చిన్న రైతులైరి.

1968లో ద్వీపము స్వతంత్రమయ్యెను. 1975లో ఐరోపా దేశములతో గుదిరిన ఒప్పందము ఏటా సుమారు 5 లక్షల టన్నుల చక్కెరకు స్థిరమైన ధర నిచ్చెను. 2009లో నది ముగిసెను. పిదప చిన్న రైతులలో ననేకులు సేద్యము మానగా, తాతలు రాళ్లు పెరికిన నేలలు కొన్ని బీడువడెను.

నేలకు శక్తి లేక కాదు. చెరకు సాళ్ల నడుమ ఉర్లగడ్డలు పండుచున్నవి. పిప్పినుండి విద్యుత్తు పుట్టుచున్నది. అయినను ద్వీపవాసులు తిను బియ్యము, గోధుమలు నేటికిని ఓడలపైననే రావలయును. ఒకే పంటను, ఒకే కొనుగోలుదారును నమ్ముకొన్న దేశమునకు నేల యెంత సారవంతమైనను సంపూర్ణ రక్షణ లేదు. పలు పంటలు పండించు చిన్న రైతును నిలుపుకొనుటయే ఆ ద్వీపమునకు శ్రేయస్కరము. ఆ రైతులలో కోరంగి బిడ్డల సంతతియు గలదని, పరరాష్ట్రములలో స్థిరపడిన మనము మరువరాదు.