నల్లగొండ మంచినీళ్లు: తెలిసిన జబ్బు, అందని నీరు

తాగే నీటిలోని దోషాన్ని పల్లె జనం తరతరాలుగా కంటితోనూ నాలుకతోనూ పట్టుకుంటూ వచ్చారు. ఉప్పునీళ్ల బావి ఏదో, మంచినీళ్ల బావి ఏదో, ఏ నీళ్లలో పప్పు ఉడుకుతుందో, ఏ నీళ్లలో ఉడకదో ఏ ఊళ్లోనైనా చిన్నపిల్లలకు సైతం తెలిసిన సంగతే. ఫ్లోరైడ్ ఈ పరీక్షలకు దొరకదు. లీటరు నీటిలో అది ఐదారు మిల్లీగ్రాములున్నా రంగు మారదు, వాసన రాదు, రుచి తేడా తెలియదు. పైగా కాల్షియం తక్కువగా ఉన్న నీటిలోనే ఫ్లోరైడ్ ఎక్కువగా కరుగుతుంది కాబట్టి, పప్పు బాగా ఉడికి నోటికి హాయిగా ఉండే నీళ్లలోనే అది దాగి ఉండే అవకాశం ఉంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకపోవడం మంచిదని, వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు సహించవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఈ హద్దును ఎన్నో రెట్లు మించిన నీటిని నల్లగొండ పడమటి మెట్ట ప్రాంతంలోనూ, ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల్లోనూ కొన్ని తరాల ప్రజలు వేరే దారి లేక తాగారు.

ఈ ఫ్లోరైడ్ బయటినుంచి వచ్చి కలిసిన కాలుష్యం కాదు, నేల లోపలిదే. దక్కన్ పీఠభూమికి పునాదిగా ఉన్న అతి పురాతన గ్రానైట్ శిలల్లో ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ వంటి ఫ్లోరిన్ గల ఖనిజాలు ఉంటాయి. నల్లగొండ ప్రాంతపు గ్రానైట్‌లో వాటి పాలు మామూలుకన్నా హెచ్చు. వానలు తక్కువగా పడి, ఎండకు నీరు ఎక్కువగా ఆవిరైపోయే ఇటువంటి నేలల్లో భూగర్భజలం రాతి పగుళ్ల మధ్య ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది, ఆ నిలకడలో క్షారగుణం పెరిగి రాతిలోని ఫ్లోరైడ్‌ను కొంచెం కొంచెంగా తనలోకి తీసుకుంటుంది. చెరువు నిండుగా ఉన్నన్నాళ్లు ఊటబావుల్లోకి కొత్త నీరు చేరి ఈ గాఢత కొంత పలచబడుతుంది, చెరువులు పూడిపోయి, జనం లోతు బోర్ల మీద ఆధారపడే కొద్దీ పాత నీరే పైకి వస్తుంది.

శరీరంలో చేరిన ఫ్లోరైడ్ కాల్షియం ఉన్న చోటును వెతుక్కుంటుంది, అంటే పళ్లలోనూ ఎముకల్లోనూ పేరుకుంటుంది. చిగుళ్ల లోపల శాశ్వత దంతాల పింగాణీ పొర ఏర్పడే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు, పిల్లలు ఈ నీరు తాగితే వచ్చే పళ్లకు మొదట సుద్దలాంటి మచ్చలు, తర్వాత పసుపు, గోధుమ రంగు చారలు పడతాయి. ఊళ్లలో గారపళ్లు అని పిలిచే ఈ స్థితిని వైద్యులు దంత ఫ్లోరోసిస్ అంటారు. ఏళ్లు గడిచే కొద్దీ ఎముకలు మందమై, కీళ్ల దగ్గరి స్నాయువులు సైతం ఎముకలా గట్టిపడి, మెడ తిప్పలేని, నడుము వంచలేని, చివరకు నేల మీద నుంచి లేవలేని దశ వస్తుంది. దాన్ని అస్థి ఫ్లోరోసిస్ అంటారు. వెన్నుపూసల మధ్య దారి ఇరుకై వెన్నుపాము నలిగితే కాళ్లు చచ్చుబడతాయి. ఒకసారి వంగిన ఎముకను మునుపటిలా చేసే మందు లేదు. అందువల్ల ఈ జబ్బు విషయంలో ఆసుపత్రికన్నా నీటి కుళాయి ముందు రావాలి.

పళ్ల మీది గారకు నీటిలోని ఫ్లోరైడే మూలమని 1931లో అమెరికాలో రసాయన శాస్త్రజ్ఞుడు చర్చిల్ తేల్చాడు. మరుసటి ఏడాదే కోపెన్‌హాగెన్‌లో క్రయొలైట్ అనే ఖనిజాన్ని పొడి చేసే కార్మికుల ఎముకల్లో మార్పులను డెన్మార్క్ వైద్యులు గుర్తించారు. ఆ తర్వాత ఐదేళ్లకే, 1937లో, మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో నీటి వల్ల వచ్చే అస్థి ఫ్లోరోసిస్‌ను షార్ట్, ఆయన సహచరులు వర్ణించి భారత వైద్య పరిశోధన పత్రికలో ప్రచురించారు. తర్వాత ప్రకాశం జిల్లాలో చేరిన పొదిలి, కనిగిరి, దర్శి ప్రాంతాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోనివే. మనుషులకన్నా ముందు ఎడ్లు కీళ్లు బిగిసి నడవలేకపోవడాన్ని అక్కడి రైతులు గమనించారని ఈ జబ్బు చరిత్ర రాసినవారు చెబుతారు. 1955లో, నల్లగొండ ఇంకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండగానే, అక్కడి ఫ్లోరోసిస్ రోగుల గురించి డాక్టర్ సిద్దిఖీ రాసిన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. అంటే ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడే నాటికే రెండు ప్రాంతాల్లోనూ జబ్బు పేరు, కారణం ఉన్నత వైద్య పత్రికల్లో అచ్చయి ఉన్నాయి. తెలియకపోవడం వల్ల ఆలస్యం జరిగిందని అనడానికి అప్పటినుంచే చోటు లేదు.

ఇక్కడ బోర్ల సంగతి కొంత నిదానంగా చూడవలసి ఉంది, ఎందుకంటే చేతిపంపులను తప్పుపట్టడం తేలికే గానీ అది సగం న్యాయమే. బోర్లు రాకముందు జనం తాగింది దిగుడు బావుల నీరు, చెరువు నీరు. దిగుడు బావిలో మెట్ల మీదుగా దిగి నీళ్లు ముంచుకునేవారి కాళ్లకున్న నారికురుపు నుంచి పురుగు పిల్లలు నీటిలోకి చేరి, ఆ నీరు తాగిన మరొకరి ఒంట్లో పెరిగి, ఏడాది తిరిగేసరికి మూరెడు తెల్లని దారంలా చర్మం చీల్చుకుని బయటికి వచ్చేవి. కలరా, విరేచనాలు సరేసరి. 1970ల నుంచి కేంద్రం నిధులతో, యూనిసెఫ్ తోడ్పాటుతో దేశమంతటా వేసిన బోర్లు, వాటి మీది ఇండియా మార్క్-2 చేతిపంపులు ఈ సూక్ష్మజీవుల బెడద నుంచి కోట్లమందిని కాపాడాయి. దేశంలో నారికురుపు చివరి కేసు 1996లో నమోదైంది, 2000లో ఆ జబ్బు లేని దేశంగా భారత్‌కు గుర్తింపు దక్కింది. ఇది చిన్న విజయం కాదు. కాకపోతే నీటిలో క్రిములున్నాయా అని చూసిన యంత్రాంగం నీటిలో ఏ లవణాలున్నాయో ప్రతి బోరు దగ్గరా చూడలేదు. ఒకే ఊళ్లో పక్కపక్కనున్న రెండు బోర్ల నీటిలో ఫ్లోరైడ్ మోతాదు పూర్తిగా వేరుగా ఉండగలదు గనుక, ఊరికొక్క నమూనా తీస్తే సరిపోదు.

1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో మరో విషయం బయటపెట్టారు. నల్లగొండలో ఎదిగే వయసు పిల్లలకు మోకాళ్లు లోపలికి ఒరిగి, పాదాలు దూరంగా పడే వైకల్యం కనిపిస్తున్నదని, దానితో పాటు ఎముక గుల్లబారుతున్నదని వారు చూపారు. జొన్న ప్రధానాహారమైన ఊళ్లలో ఇది ఎక్కువ. జొన్నలోని మాలిబ్డినం, శరీరంలో తగ్గిన రాగి ఇందులో పాత్ర వహిస్తున్నాయేమోనని, నాగార్జునసాగర్ వల్ల చుట్టుపక్కల భూగర్భజలం పైకి లేచి నేల గుణం మారడం కూడా కారణమై ఉండవచ్చని పరిశోధకులు భావించారు. పాలు, పప్పులు తినగలిగిన ఇంట్లో కన్నా గటక, గంజి మీద బతికే ఇంట్లో అదే నీరు ఎక్కువ హాని చేస్తుందన్నది ఈ పరిశోధనల్లో తేలిన ముఖ్యాంశం. చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతుందని అదే సంస్థ 2002లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. పులుసు లేనిదే ముద్ద దిగని ప్రాంతానికి అది కొంత ఊరట కలిగించే మాటే అయినా మంచినీటికి బదులు కాలేదు.

పరిష్కారం కూడా అప్పుడే వచ్చింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 1970ల మధ్యలో రూపొందించిన పద్ధతికి జిల్లా పేరే పెట్టి నల్లగొండ పద్ధతి అన్నారు. ఇందులో వాడేవి బజారులో దొరికే వస్తువులే: పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు. తొట్టిలో పట్టిన బోరునీటిలో కొలిచిన సున్నం, బ్లీచింగ్ పౌడరు, పటిక కలిపి పది నిమిషాలు నెమ్మదిగా తిప్పితే నీటిలో తెల్లని పింజలు ఏర్పడతాయి. ఫ్లోరైడ్ ఆ పింజలకు అంటుకుంటుంది. గంటసేపు కదపకుండా ఉంచితే పింజలన్నీ మడ్డిగా అడుగున పేరుకుంటాయి, తొట్టి అడుగుకు కాస్త పైన బిగించిన కుళాయి నుంచి తేటనీరు పట్టుకోవచ్చు. కరెంటు అక్కరలేదు, విదేశీ యంత్రం అక్కరలేదు. ఊరంతటికీ సరిపోయే తొలి కేంద్రం 1980లో అప్పటి అనంతపురం జిల్లా కదిరిలో వెలిసింది, తర్వాత కెన్యా, టాంజానియాల దాకా ఈ పద్ధతి ప్రయాణించింది.

మరి నల్లగొండలో ఇది ఎందుకు నిలవలేదు? ఎంత పటిక వేయాలన్నది నీటిలోని ఫ్లోరైడ్ మీద, క్షారగుణం మీద ఆధారపడుతుంది, ఆ రెండూ వానాకాలానికీ ఎండాకాలానికీ మారతాయి. తక్కువ వేస్తే ఫ్లోరైడ్ పోదు, ఎక్కువ వేస్తే నీటికి వగరు వచ్చి అల్యూమినియం మిగులుతుంది. రోజూ వచ్చే మడ్డిని ఎక్కడో పారబోయాలి, పటిక బస్తాలు అయిపోకముందే తెప్పించాలి, నీటిని పరీక్షించాలి, ఈ పనులన్నీ ప్రతిరోజూ తప్పకుండా చేసే మనిషికి నెలనెలా జీతం అందాలి. తొట్టి కట్టడానికి బడ్జెట్లో పద్దు ఉంటుంది, ప్రారంభోత్సవానికి మంత్రులు వస్తారు. పటిక కొనడానికి, వాటర్‌మన్‌కు జీతమివ్వడానికి ఉండే పద్దు మాత్రం పేద పంచాయతీ నెత్తిన పడుతుంది. శాస్త్రం ఓడిపోయిందని చాలామంది రాశారు గానీ, నిజానికి కొరవడింది నిర్వహణ. అత్యవసర సేవ అనేది ఒకసారి కట్టి అప్పగించే కట్టడం కాదని, దినదినం నడపవలసిన పని అని గుర్తించని పాలనలో ఏ పద్ధతి అయినా ఇలాగే మూలపడుతుంది.

ఈ కథలో అన్నిటికన్నా బాధాకరమైన భాగం కృష్ణానది. ఫ్లోరైడ్ లేని నీరు నది రూపంలో జిల్లా దక్షిణపు అంచునే పారుతున్నది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పల్లపు భూములను తడిపింది, కుడి కాలువ గుంటూరు, ప్రకాశం జిల్లాలకు సాగింది. దేవరకొండ, మునుగోడు, మర్రిగూడ, నారాయణపురం, చండూరు ప్రాంతాలు కాలువ మట్టానికి ఎత్తున ఉన్నాయి గనుక నీరు దానంతట అది ఎక్కదు. ఎత్తిపోయాలి, లేదా శ్రీశైలం నుంచి సొరంగం తవ్వాలి. ఎడమగట్టు కాలువ పేరిట తలపెట్టిన ఆ సొరంగం దశాబ్దాలు గడిచినా పూర్తికాలేదు, 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి ఎనిమిది మంది కార్మికులు లోపల చిక్కుకుపోయారు. సొరంగానికి ప్రత్యామ్నాయంగా పుట్టంగండి దగ్గర సాగర్ జలాశయం నుంచి నీటిని ఎత్తిపోసే పథకం అంతకు చాలా ముందే వచ్చింది.

నీళ్ల కోసం జిల్లా ప్రజలు ఎంచుకున్న నిరసన పద్ధతి దేశ ఎన్నికల చరిత్రలో నిలిచిపోయింది. దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జల సాధన సమితి పిలుపుతో 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నియోజకవర్గం నుంచి రైతులు, ఫ్లోరైడ్ బాధితులు గుంపులుగా నామినేషన్లు వేశారు. బరిలో నిలిచినవారు 480 మంది. బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంలా ముద్రించవలసి వచ్చింది. సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. అదే ఏడాది పార్లమెంటు ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి, లోక్‌సభ అభ్యర్థుల ధరావతును 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెంచింది, స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నది. గొంతు వినిపించడానికి పేదలు కనిపెట్టిన దారి అలా వెంటనే మూతపడింది. వారు అడిగిన నీరు అంత త్వరగా రాలేదు.

2004లో కృష్ణాజలాల మొదటి దశ పథకం నల్లగొండ జిల్లాలోని కోదండాపురంలో శుద్ధిచేసిన నీటిని వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో హైదరాబాద్‌కు చేర్చడం మొదలుపెట్టింది. మహానగరానికి నీరు అక్కర్లేదని ఎవరూ అనరు. నగరానికి వెళ్లే పైపుల వెంబడి ఉన్న మండలాల హక్కు దూరంలో ఉన్న నగరం హక్కుకన్నా తక్కువదేమీ కాదని మాత్రం అనక తప్పదు. జీవించే హక్కులో కలుషితం కాని నీరు కూడా భాగమని సుప్రీంకోర్టు 1991లోనే సుభాష్ కుమార్ కేసులో చెప్పి ఉంది. ఈ లోగా పల్లెల్లో ఆర్‌వో ప్లాంట్లు వెలిశాయి, 20 లీటర్ల డబ్బా ఇంటి ఖర్చుల్లో ఒకటైంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014లో మొదలుపెట్టిన ఎన్టీఆర్ సుజల స్రవంతి కింద 20 లీటర్ల నీటికి 2 రూపాయలు ధర పెట్టారు. ధర తక్కువే అయినా తాగడానికి కొన్న నీటితో వంట చేసే ఇళ్లు కొన్నే; అన్నంలోకి, పప్పులోకి బోరునీరే వెళ్తే ఫ్లోరైడ్ కూడా అదే దారిన వెళ్తుంది.

తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక చేపట్టిన మిషన్ భగీరథ పైలాన్‌ను 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు, 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రధాని పథకాన్ని ప్రారంభించారు. నదీజలాలను శుద్ధిచేసి ఇంటింటికీ కుళాయి ద్వారా ఇవ్వడమన్నది ఫ్లోరైడ్ సమస్యకు మొదటినుంచీ ఉన్న అసలు జవాబు, దాన్ని జిల్లా అంతటికీ చేర్చిన ఈ పథకం విలువను తక్కువ చేయకూడదు. 2020లో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు రాష్ట్రంలో ఇక లేవని ప్రభుత్వం ప్రకటించింది. అయితే నేలలోని ఫ్లోరైడ్ ఎక్కడికీ పోలేదు, పైపు పగిలి నాలుగు రోజులు నీరు రాకపోతే జనం వెళ్లేది మళ్లీ ఆ బోరు దగ్గరికే. పొలాలకు, పశువులకు ఇప్పటికీ ఆ నీరే. వంగిన నడుములతో మిగిలిన పాతతరానికి పింఛనుతో పాటు నొప్పికి వైద్యం, నరాలు నలిగినవారికి శస్త్రచికిత్స జిల్లాలోనే దొరకాలి. ఇక పథకం ఎంతవరకు ఫలించిందన్నది పైపుల పొడవు లెక్కల్లో తేలదు. మర్రిగూడ, మునుగోడు, నారాయణపురం బడుల్లో 2017 తర్వాత పుట్టిన పిల్లలకు శాశ్వత దంతాలు వచ్చే వయసు ఇదే కాబట్టి, బడి బడికీ వెళ్లి ఆ పళ్లను పరీక్షించి, ఫలితాలను ఊరి పేర్లతో సహా ఏటా బయటపెట్టే పని ప్రభుత్వ దంతవైద్యులకు ఇప్పుడే అప్పగించాలి.