నేను చూసినప్పుడు ఇలా లేదే!

క్రియేట్ రాయడం తేలిక. డిలీట్ రాయడం ఇంకా తేలిక (నొక్కేముందు చెయ్యి వణుకుతుంది, అది వేరే సంగతి). మన ఉద్యోగాల్లో ప్రాణం తీసేది అప్‌డేటే.

ఇది అనుభవం మీద తెలిసింది లెండి. మా కంపెనీలో క్లౌడ్ ఫైర్‌వాల్ రూల్స్ మార్చే సర్వీసు ఒకటుంది. అందులో అప్‌డేట్ హ్యాండ్లరు రాసింది నేనే. వచ్చిన జేసన్‌ని తీసుకుని పాతదాని మీద పెట్టేయడం, అంతే. టెస్టులన్నీ పాసయ్యాయి. ఒక రాత్రి కస్టమరు ఫోన్ చేస్తే, ఆపరేషన్స్ కుర్రాడు ఒక రూలు కలిపి, సమస్య తీర్చి ఇంటికెళ్ళాడు. మా స్క్రిప్టేమో ఆ సాయంత్రమే రూల్స్ మొత్తం చదివి పెట్టుకుంది. తెల్లవారుజామున అందులో వేరే రూలొకటి మార్చి, మొత్తం లిస్టుని తిరిగి పంపింది. కుర్రాడు కలిపిన రూలు మాయం! ఎర్రర్ లేదు, లాగ్‌లో 200 ఓకే అని చక్కగా ఉంది. పొద్దున మీటింగులో "నువ్వు సేవ్ చేసి ఉండవు" అని అందరూ అతన్నే అన్నారు. నేనూ అన్నాను. రెండు రోజుల తర్వాత లాగులు పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసింది, తప్పు నా కోడ్‌దని.

ఆ సిగ్గుతోనే పాత పేపర్లు, ప్రమాణాలు తిరగేశాను. నేను పుట్టకముందే ఈ తప్పుకి పేరు కూడా పెట్టేశారు: లాస్ట్ అప్‌డేట్. (మన లిపిలో రాస్తే 'చివరిది' అనిపిస్తుంది. 'పోయినది' అని అర్థం. ఆ మాటకొస్తే చివర రాసినవాడిదే ఉంటుంది కాబట్టి రెండు అర్థాలూ సరిపోతాయి!) ఉదాహరణకి పద్దుల పుస్తకంలో నిల్వ 500 ఉంది. అన్న చూశాడు, తమ్ముడూ చూశాడు. అన్న 200 కలిపి 700 అని రాశాడు. తమ్ముడు తను చూసిన 500కి 100 కలిపి, 700 కొట్టేసి 600 అని రాశాడు. ఇద్దరి లెక్కా సరైనదే, పుస్తకం మాత్రం తప్పు.

దీనికి డేటాబేస్ వాళ్ళ మొదటి మందు తాళం. ఐబీఎం శాన్ హోసే ల్యాబ్‌లో సిస్టమ్ ఆర్ కడుతున్న రోజుల్లో, 1976లో ఈశ్వరన్, గ్రే, లోరీ, ట్రైగర్ అనే నలుగురు ట్రాన్సాక్షన్లకీ లాకులకీ గట్టి పునాది వేస్తూ ఒక పేపర్ రాశారు. నేను రాస్తున్నంతసేపూ ఇంకెవరూ ముట్టుకోకూడదన్నమాట. 1981లో కుంగ్, రాబిన్సన్ ఇంకో దారి చూపించారు. తాళాలు వద్దు, గొడవలు అరుదేననుకుందాం. ముందు చదువు, పని చేసుకో, రాసేముందు మాత్రం ఈలోపు ఎవరైనా అడ్డొచ్చారేమో సరిచూసుకో. అడ్డొస్తే మళ్ళీ మొదట్నుంచీ. దీన్ని ఆప్టిమిస్టిక్ పద్ధతి అంటాం.

వెబ్‌కి ఈ రెండోదే నప్పింది. ఎందుకంటే పేజీ తెరిచి టీకి వెళ్ళినవాడు ఎప్పుడొస్తాడో సర్వరుకి తెలీదు, వాడి కోసం తాళం వేసుకుని కూర్చోలేదు. అందుకే 1997 జనవరిలో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణంలో (ఆర్‌ఎఫ్‌సీ 2068) ఈట్యాగ్, ఇఫ్-మ్యాచ్ అనే హెడర్లు పెట్టారు. చదివినప్పుడు సర్వరు ఒక గుర్తు ఇస్తుంది. రాసేటప్పుడు "నేను చూసింది ఈ గుర్తున్నదాన్నే" అని దాన్ని తిరిగి పంపాలి. ఈలోపు మారిపోయి ఉంటే 412 అని వెనక్కి కొడుతుంది. ఇంత చక్కని ఏర్పాటులో ఒకటే చిక్కు, అది ఐచ్ఛికం. పంపకపోతే అడిగేవాడు లేడు. పంపి తీరాల్సిందే అని సర్వరు అడగడానికి 428 అనే కోడ్ 2012లో గానీ రాలేదు.

ఇంకో చిక్కు పుట్‌తో. పుట్ అంటే మొత్తం మార్చేయమని. ఒక్క ఫీల్డు మార్చడానికి ఇరవై ఫీల్డులు పంపితే, మిగతా పంతొమ్మిదింటి మీదా మనకి తెలియకుండానే పెత్తనం చేస్తున్నట్టే. అందుకని 2010లో ప్యాచ్ ప్రమాణమైంది (ఆర్‌ఎఫ్‌సీ 5789). 2014లో జేసన్ మెర్జ్ ప్యాచ్ వచ్చింది: విలువ పంపితే పెట్టు, నల్ పంపితే తీసెయ్, అసలు పంపకపోతే ముట్టుకోకు. ఈ చివరి రెండింటినీ ఒకటిగా చూసే కోడ్ మన చుట్టూ ఎంతుందో వెతకండి, మీకే తెలుస్తుంది. ప్యాచ్ వాడినా పూర్తిగా గట్టెక్కినట్టు కాదు. రూల్స్ అన్నీ ఒకే లిస్టులో ఉంటే మెర్జ్ ప్యాచ్ కూడా ఆ లిస్టు మొత్తాన్నీ మార్చేస్తుంది. నా ఫైర్‌వాల్ సరిగ్గా అలాంటిదే.

ఇక క్లౌడ్. 2006 మార్చిలో అమెజాన్ ఎస్3, ఆగస్టులో ఈసీ2 వచ్చాక యంత్రాలూ నెట్‌వర్కులూ ఏపీఐతో మార్చుకునే వస్తువులైపోయాయి. మార్చే చేతులూ పెరిగాయి: మనిషి, స్క్రిప్టు, ఆటోస్కేలరు. 2014లో బయటికొచ్చిన కుబర్నెటిస్‌లో ప్రతి వస్తువుకీ రిసోర్స్ వెర్షన్ ఉంటుంది. పాత వెర్షన్‌తో అప్‌డేట్ పంపితే 409 కాన్‌ఫ్లిక్ట్. తర్వాత ఏ ఫీల్డు ఎవరిదో కూడా రాసిపెట్టే సర్వర్-సైడ్ అప్లై తెచ్చారు, అది 2021లో 1.22తో స్థిరపడింది. ఎస్3లో ఇఫ్-మ్యాచ్ పెట్టి రాసే వీలు 2024 నవంబరులో వచ్చింది. అంటే ఎస్3 పుట్టిన పద్దెనిమిదేళ్ళకి, ఆ హెడరు పుట్టిన ఇరవయ్యేడేళ్ళకి!

ఇదంతా చదివాక నాకర్థమైంది ఒకటే. అప్‌డేట్ అంటే "ఇలా మార్చు" అనే సగం మాట కాదు. "నేను చూసినప్పుడు ఇలా ఉంది, అలాగే ఉంటే ఇలా మార్చు" అనేది పూర్తి మాట. ఈ నలభై యాభై ఏళ్ళ కథంతా ఆ రెండో సగాన్ని రిక్వెస్టులోకి ఎక్కించడానికి పడ్డ పాట్లే. 409 రాగానే కొత్త వెర్షన్ నంబరు తెచ్చి పాత బాడీకే అతికించి మళ్ళీ పంపితే ఆ సగం అబద్ధమవుతుంది. మళ్ళీ చదివి, మన మార్పుని కొత్తదాని మీద వేసి పంపాలి.

నా హ్యాండ్లరు మార్చాను. ఇప్పుడు ఇఫ్-మ్యాచ్ లేకపోతే 428, గుర్తు పాతదైతే 412. తర్వాతి మీటింగులో అందరి ముందూ "ఆ రూలు పోగొట్టింది నా కోడు" అని చెప్పాను. కుర్రాడు "పర్లేదన్నా" అన్నాడు గానీ, ఆ రెండు రోజులూ అతను తనమీద తనే అనుమానపడ్డాడని తర్వాత క్యాంటీన్లో చెప్పాడు. నిజంగానే సేవ్ నొక్కానా లేదా అని.

"మీ సర్వీసు ఈమధ్య ఎర్రర్లు ఎక్కువిస్తోంది" అని పక్క టీం వాళ్ళు గొణుగుతున్నారు. ఇవ్వనివ్వండి. ఇదివరకు ఆ ఎర్రర్లు రానప్పుడే కదా ఇంకొకరి పని చెరిపేసింది.